ఇరవై నాలుగుకీ ముప్పైకీ మధ్య

కాకిదొన ఊరివాళ్లు నా పనిని వాళ్ల చేతులతోనే చెడగొట్టారు. ఒకసారి కాదు, ఇరవై మూడు సార్లు. వాళ్ల చేత చెడగొట్టించింది స్థిరవాస కేంద్రం. అంటే మీరు.

ఈ రెండు మాటలూ రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. మొదటిది నిన్న తెలిసింది, నిన్నంతా ఊరి మీద అరిచాను. రెండోది ఇవాళ తెలిసింది. అరవడానికి మీరు ఎదురుగా లేరు కాబట్టి రాస్తున్నాను.

రోజూ పనిచిట్టా రాయాలన్నది మీ నియమమే. రాశాను. అందులోంచి కొన్ని రోజులు తీసి పంపుతున్నాను. అప్పుడు నేను ఎంత తెలివితక్కువగా ఆలోచించానో అదీ దిద్దలేదు. పర్యవేక్షకురాలు మృదులగారూ, మొదటి నుంచి చదవండి. చివరికి దూకకండి.

కొల్లాటి నాంచారి, స్తంభాల మేస్త్రీ, కాకిదొన. రోజు 311.

రోజు 1

సామాను బండిలో పధ్నాలుగు గంటలు. ఎక్కినప్పుడు ఉప్పు వాసన, దిగినప్పుడు కాలిన రాయి వాసన. ముప్పై ఆరు ఇళ్లు, అన్నీ రాతి గోడలు, కిటికీలు అరచేతి వెడల్పు. ఊరి చుట్టూ తొమ్మిది చెమట స్తంభాలు. రాత్రంతా గాలిలోని తేమ పీల్చుకుని మధ్యాహ్నం ఎండకి దాన్ని కక్కుతాయి, అందుకే ఇక్కడివాళ్లు ఆ పేరు పెట్టారు. బోర్లు ఎండిపోయి ముప్పై ఏళ్లయిందట. ఆ తొమ్మిదీ ఆగితే ఇక్కడ తాగడానికి ఇంకేమీ లేదు.

ఊరి పెద్ద తిప్పేస్వామి. డెబ్బై దాటి ఉంటాయి. నా పెట్టెలోని పానాలన్నీ ఒక్కొక్కటే తీసి చూశాడు.

"ఏం సదివినావు పాపా?"

"ఏం చదవలేదండి. రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి కొట్టే ఏరేటర్లు విప్పి విప్పి నేర్చుకున్నా. తర్వాత చెరువులే సముద్రంలో కలిసిపోయాయి. తెప్పల కాలనీలో సముద్రపు నీళ్లలోంచి ఉప్పు తీసే మిషన్లు ఆరేళ్లు చూశాను."

"సర్టిఫికెట్టు లేదా?"

"లేదండి."

"మంచిదిలే" అన్నాడు ముసలాయన, నవ్వి. "సర్టిఫికెట్టు ఉండేటోడు ఈడ నిలబడడు."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. నాకు ఒళ్లు మండింది. చేసి చూపిస్తానని మనసులో అనుకున్నాను.

నా ఒప్పందం కాగితం అడుగున మీరు అచ్చు వేసిన మాట ఇక్కడ మళ్లీ రాస్తున్నా, మరిచిపోకుండా: ఏడాదిలో ముప్పై లోపాలు దాటితే అసమర్థురాలి కింద లెక్క. నివాసం రద్దు. తిరిగి తెప్పల కాలనీకి. పదేళ్ల వరకు మళ్లీ దరఖాస్తు లేదు. ఈ కాగితం ఇతరులకు చూపరాదు.

ముప్పై అంటే నాకేం లెక్క! ఆరేళ్లలో నా మిషన్లు ముప్పై సార్లు ఆగలేదు.

రోజు 3

ఇక్కడొక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ఏడాది పాటు సొంత పొయ్యి పెట్టకూడదు. రోజుకొక ఇంట్లో కూటి వంతు. ఏడాది నిండాక ఊరంతా కలిసి పొయ్యి వేసి ఇస్తారు, అప్పుడు ఊరి మనిషి అయినట్టు. తెప్పల మీద మంట వెలిగించడం నేరం. ఇరవై నాలుగేళ్లు వచ్చాయి, నా వంట నేను ఎప్పుడూ వండుకోలేదు. ఆ మాట ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

పది గంటలకి ఎండగంట మోగుతుంది. నాలుగు దాకా ఎవరూ గడప దాటరు. దాటితే అరగంటలో కళ్లు తిరిగి పడిపోతారట. అంటే కూటి వంతు ఎవరింట్లో ఉంటే ఆ ఇంట్లో ఆరు గంటలు ఖైదు. తినాలి, వాళ్లు అడిగేదానికల్లా జవాబు చెప్పాలి.

ఇవాళ ఓబుళమ్మ అవ్వ ఇల్లు. ఒంటరిది. కొర్ర సంగటి, ఊరుబిండి పచ్చడి. నేను ముద్ద చేసే తీరు చూసి అవ్వ పడీపడీ నవ్వింది.

"ఏమ్మే, చేపకి గాలం వేస్తాండావా? నాలుగు వేళ్లూ పెట్టి తినుమే."

రోజు 12

మొదటి లోపం. మూడో స్తంభంలో ఫ్యాను బెల్టు జారింది. నలభై నిమిషాల్లో సరిచేశాను. ఆడవాళ్లు చుట్టూ చేరారు. బెల్టు ఏమిటి, ఎందుకు జారుతుంది, వేలితో నొక్కితే ఎంత వంగాలి, అన్నీ చెప్పాను. నాకు ఎవరూ ఇలా చెప్పలేదు. అన్నీ చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. అందుకే అడిగినవాళ్లకి అడిగినంత చెబుతాను.

అందరికన్నా ఎక్కువ అడిగింది హనుమక్క. నా కన్నా ఐదారేళ్లు పెద్దది, నోటికి అడ్డూ ఆపూ లేదు. "ఇది తీస్తే ఏమైతాది? ఇది తీస్తే? మళ్లీ పెట్టొచ్చునా? నిజంగా ఏం పాడు కాదు కదా?" అని ప్రాణం తీసింది.

మంచి శిష్యురాలు దొరికిందనుకున్నాను.

రోజు 58

ఐదో లోపం. ఎనిమిదో స్తంభంలో నీటి గొట్టం బిగింపు ఊడింది. పోయిన నెల నేనే బిగించాను. నా చేత్తో. ఎలా ఊడింది?

ఇంకో సంగతి రాయాలి, ఎందుకంటే కోపం వస్తోంది. లోపం వచ్చిన రోజు ఊళ్లో ఓళిగలు, మా వైపు బొబ్బట్లంటాం, చేస్తున్నారు. ఇది మూడోసారి. బెల్లం పాకం వాసన ఇంటింటి నుంచీ వస్తుంది. నేను స్తంభం కింద దుమ్ములో పడుకుని బిగిస్తుంటే, తిప్పేస్వామి పళ్లెంలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"చెడిపోయిందా పాపా? ఏం పర్వాలేదులే. తిను, వేడిగా ఉండాయి."

"తొమ్మిదింట్లో ఒకటి ఆగిపోతే పండగేంటి తాతా?"

"నువ్వుండావు కదా, బాగు చేస్తావు" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. నా చేతగానితనం చూసి ఇంత సంబరపడే ఊరు ఎక్కడైనా ఉంటుందా? ఓళిగ తినలేదు. తర్వాత తిన్నాను. బాగుంది. దానికి ఇంకా కోపం వచ్చింది.

రోజు 131

పన్నెండో లోపం. ఇవాళ మీరు రేడియోలో మాట్లాడారు, మృదులగారూ. మీకు గుర్తుంటుందో లేదో, నేను రాసుకుంటున్నాను.

"నాంచారీ, పన్నెండు అంటే మీ స్థాయికి ఎక్కువే కదా?"

"నా స్థాయి అంటే ఏంటండీ?"

"శిక్షణ లేనివాళ్లకి మేం కొంత వెసులుబాటు ఇస్తాం. అందుకే ముప్పై. మీకు చేతకాకపోతే ముందే చెప్పండి, మర్యాదగా వెనక్కి పిలుస్తాం."

మీరు అరవలేదు. మీ గొంతు తేనెలా ఉంది. ఆ తేనె చెవిలో పోసినట్టు రోజంతా చీకాకు. స్తంభాలన్నీ మళ్లీ విప్పి మళ్లీ బిగించాను. ఒక్క మర కూడా వదల్లేదు. బొబ్బలు లెక్కపెట్టలేదు.

రోజు 140

పదమూడోది వచ్చింది. తొమ్మిది రోజులకే.

రోజు 204

పందొమ్మిది. ఐదో స్తంభంలో ఒక బోల్టే లేదు. ఊడి పడలేదు, కింద లేదు, చుట్టూ పది అడుగుల మట్టి జల్లించాను, లేదు. కోతులా? కోతులు చచ్చిపోయి ఎన్నేళ్లయిందో. హనుమక్కని అడిగాను.

"గాలికి పోయింటాది" అంది.

"పావు కిలో బోల్టు గాలికి పోతుందా అక్కా?"

"మా ఊరి గాలి నీకింకా తెలీదు మే."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. బోల్టు పంపమని మీకు రాశాను. పంపడానికి పదహారు రోజులు పడుతుందన్నారు. ఈలోగా గుడ్డపేలికలు చుట్టి నడిపిస్తున్నాను.

రోజు 262

ఇరవై ఐదు.

ఇవాళ ఏం రాయాలో తెలియడం లేదు. నిజం రాస్తాను. వారం నుంచి నా చేతులంటే నాకు భయంగా ఉంది. పానా పట్టుకుంటే ముందు ఇలా ఉండేది కాదు. ఏరేటర్ గేరుపెట్టె శబ్దం విని లోపల ఏ పన్ను విరిగిందో చెప్పేదాన్ని. అప్పుడు నాకు పదిహేనేళ్లు. ఇప్పుడు తిన్నగా బిగించిన మర మీద కూడా నమ్మకం లేదు, మూడుసార్లు తడిమి చూసుకుంటున్నాను.

ఒకటి గమనించాను. ఎప్పుడూ నేను ఈ మధ్యే ముట్టుకున్న భాగమే చెడుతోంది. బెల్టు గురించి ఆడవాళ్లకి చెబితే తర్వాత బెల్టే. వాల్వు చూపిస్తే తర్వాత వాల్వే. ఇంకేం కావాలి? నా చెయ్యి పడ్డ చోటల్లా పాడవుతోంది.

చదువుకున్నవాళ్లు చేసే పని చదువుకోనివాళ్లు చేస్తే ఇంతేనేమో. ఇలా రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

అవ్వకి చెప్పాను, ఆమె ఇంట్లో కూటి వంతు ఇవాళ. ముప్పై సంగతి చెప్పలేదు. చూపరాదన్నారుగా. ఊరికే అన్నాను, నాకు పని రాదు అవ్వా అని. అవ్వ ముద్ద పక్కన పెట్టింది. నా చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకుంది.

"నీకు పని వచ్చును" అంది. "మా అందరికీ తెలుసు."

"మరెందుకు చెడిపోతున్నాయి?"

అవ్వ లేచి పొయ్యి దగ్గరికి పోయింది. నీళ్లు పోసుకుంటున్నట్టు చాలాసేపు అటు తిరిగే ఉంది.

రోజు 297

ఇరవై ఎనిమిది. ఇంకా అరవై ఎనిమిది రోజులుంది. ఇలాగే పోతే దాటిపోతుంది.

ఇవాళ తొమ్మిది స్తంభాలకీ ఒక కొత్త ఏర్పాటు చేశాను. పాత తెప్పల మిషన్లోంచి తెచ్చుకున్న రిలేలతో. ఫ్యాను ఏ కారణంతో ఆగినా రెండు నిమిషాలు ఆగి దానంతట అదే మళ్లీ తిరుగుతుంది. ఆగి తిరిగితే అది లోపం కింద రాయక్కర్లేదు. మీ నియమాల్లో వెతికాను, రాయాలని ఎక్కడా లేదు.

ఈసారి ఎవరికీ పాఠం చెప్పలేదు. ఎవరైనా వస్తే పొమ్మన్నాను. హనుమక్క అలిగి పోయింది. పోనీ. నేను ముట్టుకుంటే చెడుతోంది, నేను మాట్లాడితే చెడుతోంది, ఇంక మాట్లాడను.

రోజు 309

ఓబుళమ్మ అవ్వ రెండు వేళ్లు తెగిపోయాయి. కుడి చేతివి. చూపుడు వేలు, మధ్య వేలు.

హనుమక్క ఇంట్లో తింటున్నాను. పన్నెండు దాటింది. ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అంటూ హనుమక్క వడ్డిస్తూనే ఉంది. బయట అరుపు. ఎండలో మనిషి అరుపు ఈ ఊళ్లో నేను ఎప్పుడూ వినలేదు. లేచాను. హనుమక్క తలుపుకి అడ్డం నిలబడింది.

"యాడికి? ఎండగంట మోగింది."

"ఎవరో అరుస్తున్నారు!"

"నువ్వు పోవద్దు. నేను పోతా."

ఆమె ముఖం చూసి భయం వేసింది. తోసేసి పరుగెత్తాను.

ఆరో స్తంభం దగ్గర అవ్వ కూలబడి ఉంది. తల మీద తడిగుడ్డ కప్పుకుంది, అది ఎప్పుడో ఎండిపోయింది. ఎడమ చేతిలో నా పానా. పదమూడు నంబరుది, వారం కిందట కనపడకుండా పోయినది. కుడి చెయ్యి గురించి రాయను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మూత కింద ఉంది, మరలన్నీ పక్కన ఒక గుడ్డలో మూటకట్టి, ఒక్కటీ పోకుండా.

ముందు నేను అనుకున్నది ఇది: పాపం, అవ్వ నా కోసం బాగు చేయడానికి వచ్చింది.

"తిట్టొద్దు పాపా" అంది. పెదవులు తెల్లగా ఉన్నాయి. "స్విచ్చి ఆపేసినా. ఫ్యాను నిలిచె. బెల్టు జారగొడదామని చెయ్యి పెట్టినా. అది మళ్లీ తిరిగె. ఎట్ల తిరిగె పాపా? నువ్వు చెప్పలా."

జారగొడదామని.

నేను కట్టు కట్టలేదు. హనుమక్క కట్టింది. నేను ఎండలో అలాగే నిలబడిపోయానని, ఇద్దరు మగవాళ్లు పట్టుకుని నీడకి లాక్కుపోయారని తర్వాత చెప్పారు. మీ వైద్య డ్రోను రేపు ఉదయం గానీ రాదట. ఆరో స్తంభం ఆపేశాం, కాబట్టి ఇది ఇరవై తొమ్మిదో లోపం. కారణం గడిలో ఏం రాయను?

రోజు 310

పొద్దున ఆరింటికి నీళ్ల తొట్టి దగ్గర ఊరంతటినీ నిలబెట్టాను. పిలవలేదు, నిలబెట్టాను. నా చిట్టా తీసి మొదటి నుంచి చదివాను.

"రోజు పన్నెండు, మూడో స్తంభం, బెల్టు. ఎవరు?"

అందరూ తొట్టిలోకి చూశారు. తిప్పేస్వామి అన్నాడు, "అది నిజంగా జారిండేదే పాపా. అది మాది కాదు."

"రోజు ఇరవై మూడు, ఒకటో స్తంభం, మళ్లీ బెల్టు!"

ఒక పెద్దాయన చెయ్యెత్తాడు. బడిలో పిల్లాడిలా. ఆ తర్వాత చేతులు లేస్తూనే ఉన్నాయి. ఎనిమిదో స్తంభం గొట్టం, అన్నదమ్ములిద్దరూ కలిసి. నాలుగో స్తంభం వాల్వు, బాలింత. ఐదో స్తంభం బోల్టు, హనుమక్క.

"గాలికి పోయిందన్నావు!"

"పారెయ్యలా మే. దాచిపెట్టినా." ఇంట్లోకి పోయి జొన్నల కుండ తెచ్చింది. అడుగు నుంచి బోల్టు తీసింది. నూనె రాసి, గుడ్డ చుట్టి ఉంది, తుప్పు చుక్క లేదు. నాకంటే శుభ్రంగా చూసుకుంది దాన్ని. ఒక్కొక్కరే ఇళ్లలోకి పోయి తెచ్చి తొట్టి గట్టు మీద పెట్టారు. బిళ్లలు, వాషర్లు, రెండు బెల్టులు. మీకు రాసి రాసి నేను తెప్పించుకున్నవాటి పాతవన్నీ.

ఇంటి వంతు ప్రకారమే చేశారట. ఒక ఇల్లు నాకు అన్నం పెడుతుంటే దాని పక్కిల్లు ఎండలోకి పోవాలి. నేను విప్పి చూపించినది మాత్రమే ముట్టుకోవాలి, చూపించనిది ముట్టుకోకూడదు. ఎందుకంటే చూపించినదైతే నేను మళ్లీ బాగు చేయగలనని వాళ్లకి తెలుసు. ఇరవై రెండు సార్లు ఆ కట్టుబాటు పనిచేసింది. ఇరవై మూడోసారి నేను చూపించకుండా రిలే పెట్టాను.

అరిచాను. ఏం అరిచానో అంతా రాయను. "పది నెలలు నాకు పని రాదనుకున్నాను! నా చేతులు నాకే పనికిరావనుకున్నాను! ముందు ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది మీ సొమ్ము?" అన్నాను. ముసలివాళ్లని కూడా వదల్లేదు.

హనుమక్క కూడా అరిచింది. "చెప్తే నువ్వు ఒప్పుకుంటావా? నీ మొగం చూసుకో. దొంగపని నీకు చేతనైతాదా? నువ్వు అట్లాంటిదానివి కాదనే కదా చెప్పకుండా మేము చేసింది!"

"ఎందుకు చేశారు?"

"నువ్వు పోకూడదని!"

నమ్మలేదు. ఇవాళ ఎవరింట్లోనూ తినలేదు.

రోజు 311

తిప్పేస్వామి నా గది ముందు కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలీదు. ఒక ఇనపపెట్టె తెచ్చుకున్నాడు. అందులోంచి కాగితం తీశాడు. మీ ముద్ర.

"ఇది చూపించకూడదని రాసుంది" అన్నాడు. "చూపించినామంటే ఇంగ మనిషినే పంపరంట. అవ్వ చెయ్యి తెగినంక నాకు ఈ కాగితం మీద మర్యాద లేదు. సదువు."

చదివాను. కాకిదొనకి పంపిన నిపుణుడు, వరసగా పదిహేను రోజులు లోపం లేకపోతే, ఆ ఊరికి అవసరం లేనట్టు లెక్క. వెంటనే వేరే చోటికి మార్పు.

నాలుగేళ్ల కిందట రహంతుల్లా మేస్త్రీ వచ్చాడట. పెద్ద చదువు, గోడంత సర్టిఫికెట్లు, బంగారం లాంటి చెయ్యి. వచ్చిన వారంలో తొమ్మిది స్తంభాలూ అద్దాల్లా చేశాడు. పదహారో రోజున బండి వచ్చి తీసుకుపోయింది. ఆయన ఏడుస్తూ ఎక్కాడట. మూడు నెలల తర్వాత దుమ్ముగాలికి ఆరు స్తంభాలు మూసుకుపోయాయి. మీకు రాస్తే, లోపాలు లేని ఊరని మీ దగ్గర ఉందన్నారు. ఏడు నెలలు ఎవరూ రాలేదు. ఆ తర్వాత మీ మనుషులు వచ్చి దుమ్ము తీసి అదే రోజు పోయారట, ఉండటానికి వచ్చిన మేస్త్రీని మళ్లీ నేనే.

"పదకొండు మందిని పూడ్చినాం" అన్నాడు తిప్పేస్వామి. "ఓబుళమ్మ కూతురు ఒకతె. నీ ఈడుదే. అప్పుడు ఊరంతా కూర్చొని అనుకున్నాం, ఇంగ మేస్త్రీ వస్తే పది పన్నెండు రోజులకొకటి మనమే చెడగొట్టుకుందాం, మనిషిని పోనీకూడదు అని. నీకు లోపం వచ్చిన రోజు ఓళిగలు ఎందుకంటే, ఇంకో పదిహేను రోజులు నువ్వు మా దగ్గరే అని."

నేను లోపలికి పోయి నా కాగితం తెచ్చి ఆయన ఒళ్లో పడేశాను. ఆయనకి చదువు రాదు. హనుమక్కని పిలిచాం. ఆమె పైకి చదివింది. ముప్పై దగ్గరికి వచ్చేసరికి ఆగింది. మళ్లీ చదివింది.

"ఇప్పుడు ఎన్నో?" అంది.

"ఇరవై తొమ్మిది."

"అంటే నిన్ను నిలబెట్టుకోవాలని మేమే నిన్ను గెంటుతాండామా?"

ఆమె గోడకి తల ఆనించింది. నోరు మూతపడని మనిషి, నోరు మూసుకుని ఏడ్చింది.

తర్వాత ముగ్గురం కలిసి నేల మీద బొగ్గుతో లెక్క వేశాం. మీరూ వేయండి. పదిహేను రోజులకొకటి తప్పకుండా చెడాలంటే ఏడాదికి ఇరవై నాలుగు. ముప్పై దాటితే నేను అసమర్థురాలిని. ఇరవై నాలుగుకీ ముప్పైకీ మధ్య ఆరు లోపాల సందు. ఆ సందులో ఒక మనిషి బతకాలి, ఒక ఊరు నీళ్లు తాగాలి. బాగా పనిచేసేవాడిని పదహారో రోజున లాక్కుంటారు. పని రానివాడిని ముప్పై ఒకటో లోపానికి తరిమేస్తారు. మీకు కావలసింది ఎవరు? సగం చెడగొట్టి సగం బాగు చేసేవాడా? వాడికి పొయ్యి ఇస్తారా?

నాకు ఇంకా యాభై నాలుగు రోజులు మిగిలి ఉన్నాయి. రోజు 324 లోపు ఒకటి చెడాలి, 339 లోపు ఇంకొకటి, 354 లోపు మరొకటి. ముప్పై రెండు. రెండు ఎక్కువ. చెడకపోతే బండి వస్తుంది. చెడితే కూడా బండే వస్తుంది. ఏ దారిలోనూ నేను ఇక్కడ లేను. ఇది పొరపాటున రాసిన కాగితమైతే మీకు సిగ్గుండాలి. తెలిసి రాసినదైతే ఏం ఉండాలో నాకు మాట దొరకడం లేదు.

సాయంత్రం నాలుగు దాటాక అవ్వ దగ్గరికి పోయాను. నిన్న పోలేదు. మంచం మీద కూర్చుని ఉంది, చెయ్యి గుడ్డలో.

"కోపం తగ్గిందా?"

"తగ్గలేదు అవ్వా. మీ మీద కూడా తగ్గలేదు. మీరు చేసింది తప్పు."

"తప్పే" అంది. "నీ వేలు పోయింటే కష్టం. నాది పోయింది, పర్వాలేదు."

"రిలే నేను పెట్టాను. చెప్పకుండా."

"అది కూడా తప్పే" అంది. మొహమాటం లేదు మనిషికి. "ఆ మిషను నాకు చూపిస్తావా? రెండు నిమిషాలకి ఎట్ల తిరుగుతాదో" అంది.

చూపించాను. ఒకటి విప్పి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టి, మొదటి నుంచి చివరి దాకా. ఎడమ చేత్తో ఎలా పట్టుకోవాలో కూడా. రేపటి నుంచి పొద్దున ఆరింటికి తొట్టి దగ్గర ఊరంతటికీ చూపిస్తాను. ఎవరూ ఏదీ చెడగొట్టరు. నేనూ ఏదీ దాచను. ఈ మాట నిన్న నేను అనలేదు, వాళ్లూ అనలేదు, ఇవాళ సాయంత్రం ముప్పై ఆరు ఇళ్ల మనుషులం తొట్టి దగ్గర కలిసి అనుకున్నాం. కాబట్టి మీ చిట్టాలో ఇంక లోపం ఉండదు. నిజంగా వస్తే తప్ప.

ఇప్పుడు నాకు కావలసింది.

ఇరవై తొమ్మిదిలో ఆరు నావి. నిజంగా వచ్చినవి, నిజంగా బాగు చేసినవి. ఒప్పుకుంటాను. మిగిలిన ఇరవై మూడూ నా పేరు మీద నుంచి తీసి మీ కేంద్రం పేరు మీద రాయండి. ఊరి మీద ఒక్క కేసూ వద్దు, నీళ్ల సామానుకి కోత వద్దు. ఓబుళమ్మ అవ్వ చేతికి మీ వైద్యుడు వచ్చి చూడాలి, డ్రోను కాదు, మనిషి. పదిహేను రోజుల మాటా ముప్పై మాటా రెండూ కొట్టేయండి, ఇక్కడే కాదు, ఇలాంటి కాగితాలు మీరు ఇంకెన్ని ఊళ్లకి పంచారో అన్ని చోట్లా. ఆ ఊళ్ల పేర్లు కూడా నాకు కావాలి. అక్కడ కూడా ఎవరో ఒకరు తమ చేతుల వంక చూసుకుని భయపడుతూ ఉంటారు. వాళ్లకి నేనే రాస్తాను.

నాకు కాకిదొనలో శాశ్వత నివాసం ఇవ్వండి. పని ఉన్నా, లేకున్నా. స్తంభాలు ఏడాది పాటు ఆగకుండా తిరిగితే, ఆ ఏడాది అంతా నేను ఇక్కడ ఉండటం వల్లే తిరిగాయి.

జవాబు రాతలో కావాలి. రేడియోలో తియ్యగా వద్దు. నాకొకటి, ఊరికొకటి కాదు. ఒకే కాగితం, అందరి ముందూ చదవగలిగేది. రోజు 324, పొద్దున పదింటికి ఎండగంట మోగేలోపు రావాలి. రాకుండా బండి మాత్రం వస్తే, నేను ఎక్కను.